నా కోడలికి వినపడని సప్పుడు

నా నోరు జర పెద్దది, ముందుగాలనే చెప్తున్న. ఇరవై రెండేండ్ల సంది పిండి గిర్ని నడుపుతున్న. గిర్ని తిరుగుతుంటె పక్కన నిలవడ్డ మనిషితోని మాట్లాడాల్నన్నా అరవాలె. అరిచి అరిచి ఇంట్ల గూడ గదే గొంతాయె. ఇబ్రహీంపట్నంల సాగర్ రోడ్డు దిగి రెండో గల్లీలకు వచ్చి, అనంతమ్మ గిర్ని యాడ అని అడిగితే ఎవలన్నా చూపెడ్తరు. జొన్నలు, గోధుమలు, మిరపకాయలు, పసుపు, ఏది తెచ్చినా పట్టి ఇస్త. ఆ అనంతమ్మను నేనే. గని ఇయ్యాల చెప్పేది నా ముచ్చట గాదు, నా కోడలు యమున ముచ్చట.

నా కోడలు చేసే పని సప్పుడు ఊడ్చుడు. నవ్వకుండ్రి, నిజంగనే. కంప్యూటర్ల ఆడుకునే ఆటలుంటయి గద. ఆ ఆటలల్ల మనుషులు మాట్లాడుతరు, కొట్లాడుతరు, ఏడుస్తరు. ఆ మాటలన్నీ ఎవలో ఒకలు మైకు ముంగట కూసోని చెప్పినయే. వాళ్లు చెప్పేటప్పుడు నెత్తి మీద ఫ్యాను తిరుగుతది, బయట కుక్క మొరుగుతది, కింద కుర్చీ కిర్రుమంటది. గవన్ని మాటతోని కలిసి లోపలికి పోతయి. ఆటల రాజు కత్తి దూసి ‘ఎవడ్రా నువ్వు’ అంటుంటె ఎనుకకెల్లి కుక్కర్ సీటీ కొడితే బాగుంటదా? ఆ సీటీని తీసేసి రాజును ఉంచాలె. మాట పోవద్దు, సప్పుడు ఉండొద్దు. పిండిల పొట్టు జల్లించినట్టు.

యమున తల్లిగారిల్లు యాచారం దిక్కు. వాళ్ల బాపు ఎల్లస్వామి మైకుసెట్టు కిరాయికిచ్చేటోడు. పెండ్లయినా, బోనాలైనా, ఓట్ల మీటింగైనా ఆ చుట్టుపక్కల ఎల్లస్వామి డబ్బాలే. నడుమల మైకు కుయ్యిమని కూస్తే, ఏ వైరు ఢీలా అయిందో యమున దూరంకెల్లి చెప్పేదట. గప్పుడామెకు ఎనిమిదేండ్లు. తర్వాత ఇబ్రహీంపట్నంల డిగ్రీ చదివింది. చదువైనంక రమాకాంత్ అనేటాయన వీడియో మిక్సింగ్ షాపుల చేరి, పెండ్లి వీడియోలల్ల జనరేటర్ సప్పుడు తీసి మంత్రాలు వినపడేటట్టు చేసేది. నా కొడుకు రమేశ్, దోస్తు పెండ్లి వీడియో తెస్తనని పోయి ఆ పిల్లను చూసిండు. ఇగ ఒక్క వీడియోకు ఏడుసార్లు పోయిండు, సప్పుడు ఇంక సరిగ లేదని. వాని సంగతి నాకు మూడోసారికే సమజైంది. పెండ్లి చేసిన.

రమేశ్ గిప్పుడు కొంగరకలాన్ల ఫ్యాక్టరీల షిఫ్టు డ్యూటీ చేస్తడు. యమునకేమో మాదాపూర్ల ఆటలు తయారుచేసే ఒక ఆఫీసు నుంచి పని దొరికింది. ఆడికి పోవాల్సిన పని లేదు, ఫైళ్లు కంప్యూటర్లకే వస్తయి, ఊడ్చి వాపస్ పంపాలె. మా గిర్ని మీది రూముల కూసోని చేస్తది.

కొత్తల నాకు ఒళ్లు మండేది. తలుపు బిగిచ్చుకోని, చెవులకు పెద్ద పెద్ద డిప్పలు తగిలిచ్చుకోని, కండ్లు మూసుకోని కూసునేది. నేను కింద పిండి కొట్టుకోని తెల్లగై సస్తుంటె, మీద మహారాణి ధ్యానం చేస్తున్నదనుకున్న. ఒకనాడు దబదబ మెట్లెక్కి పోయి, “ఏందే, కూసోని నిద్రపోతె గూడ నౌకరిస్తున్నరా?” అని అడిగిన. ఆ పిల్ల కోపం చెయ్యలే. చెవుల డిప్పలు తీసి నా చెవులకు పెట్టింది.

“వినుండ్రి అత్తమ్మా” అన్నది.

ఎవలో మొగాయన, “శత్రువులు కోటలోకి వచ్చేశారు” అంటున్నడు. నాకు గంతే వినపడ్డది. “ఇంకేమున్నది?” అన్న. యమున ఒక్కొక్క ఏలు మడుసుకుంట చెప్పింది. ఫ్రిజ్ గుర్రుమంటున్నదట. ఆయన చేతి గడియారం నడుస్తున్నదట. అంగీ కాలర్ మైకుకు రాసుకుంటున్నదట. మీది ఇంట్ల ఎవలో మంచం గుంజిన్రట. ఆఖర్కి, “కడుపుల పేగులు అరుస్తున్నయి. పాపం, ఏం తినకుంట వచ్చిండు” అన్నది. ఆ జాగ ఒక్కటే గట్టిగ పెట్టి మల్ల వినిపిచ్చింది. అవ్, పేగులే! నాకు నవ్వు ఆగలే. ఆనాటి సంది ఆమె పనిని నేను ఒక్క మాట అనలే.

గిర్నికి, ఆమె చెవికి పంచాయితీ గూడ గట్లనే తెగింది. పొద్దున ఏడు నుంచి పదకొండు దాంక నాది. సాయంత్రం నాలుగు దాటినంక మల్ల నాది. నడుమ గిర్ని బంద్, ఆమె వింటది. ఎవలన్నా మధ్యాహ్నం జొన్నలు పట్టుకోని వస్తె, “నా కోడలు వింటున్నది, నాలుగింటికి రా” అంట. మా గల్లీ బాలనర్సమ్మకు ఇది అరుగలే. “ఏం వింటదే నీ కోడలు? మనం మాట్లాడుకునేది వింటదా?” అని దీర్ఘం తీసింది. “నీ కడుపుల పేగులు గూడ వింటది, పైలం” అన్న. ఇగ అప్పటి సంది బాలనర్సమ్మ మా ఇంటికొస్తె కొంగు తెచ్చి కడుపు మీద కప్పుకుంటది.

ఇగ అసలు సంగతికొస్త.

ఆ ఆఫీసుల ఒక కానూన్ ఉన్నది. ఒక ఆటకు సంబంధించి మూడు ఫైళ్లు వాపస్ వస్తె, ఆ మనిషికి ఇగ పని పంపరు. పోయినేటి దాంక ఐదేండ్లల్ల యమునకు ఒక్కటి వాపస్ రాలే. పోయినేడు ఒక్క ఆటల రెండొచ్చినయి. మన్నెగూడ సంది మా దాంక అన్ని ప్లాట్లేనాయె, మా పక్క ప్లాట్ల మూడు దినాలు బోరేసిన్రు. ఆ దడదడల, ఫైలుల ఏసీ గుయ్‌మనేది ఆమెకు పట్టు దొరకలే. గది మొదటిది. మల్ల అట్ల కావొద్దని తర్వాతి ఫైలును మరీ గట్టిగ ఊడ్చింది. ఎక్కువ ఊడిస్తె మాట గూడ అరుగుతదట, సన్నటి సప్పుళ్లు ముందుగాల పోతయట. మాట్లాడేటోళ్లకు పండ్లూడినట్టున్నదని గది గూడ వాపస్ పంపిన్రు. ఇంకొక్కటొస్తె కథ ఖతం.

గదే ఆటల ఒక అవ్వ గొంతు కావాల్సొచ్చింది. ఆటల ఒక పిల్ల ఊర్లూర్లు తిరుగుతదట. అలిసినప్పుడల్ల ఒక అవ్వ ఇంట్ల కూసుంటది, అవ్వ కథ చెప్తది. గట్ల పది కథలు. పట్నంల నలుగురితోని చెప్పిచ్చి చూసిన్రట, అందరు టీవీల వార్తలు చదివినట్టే చదివిన్రట. ఆఫీసుల యమున మీద సింధూర అని ఒక మేడం ఉన్నది. వాళ్లోళ్లు ఆంధ్ర దిక్కు నుంచి వచ్చి వనస్థలిపురంల ఇల్లు కట్టుకున్నరు. మాట మెత్తన, పని కరుకు. ఆమె ఫోన్ చేసి, “యమునా, మీ వైపు పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా, మామూలుగా ఇంట్లో చెప్పినట్టు చెప్పేవాళ్ళు?” అని అడిగింది. నా కోడలు ఎనుక ముందు చూడలే. “మా అత్తమ్మ ఉన్నది” అన్నది.

నాకు లోపల మస్తు సంబరమైంది. మీదికి మాత్రం, “నాకెక్కడిది టైము, గిర్ని ఎవలు చూస్తరు” అని జర బెట్టు చేసిన.

రూము గోడలకు బొంతలు కట్టింది. గిర్ని బంద్, ఫ్యాను బంద్. నా గాజులు తీపిచ్చింది. కొత్త చీర గరగరమంటదని పాత నూలు చీర కట్టుకొమ్మన్నది. కడుపునిండ తిని రమ్మన్నది, ఎందుకో మీకు ఎర్కనే. నా ముంగట మూరెడు దూరంల తను కూసున్నది. “మైకును చూడకుండ్రి, నన్ను చూసుకుంట చెప్పుండ్రి” అన్నది. మూడు దినాలల్ల పది కథలు చెప్పిన. ఆ పిల్ల పెండ్లై ఆరేండ్లాయె, గంత సేపు ఇద్దరం ఎదురెదురుగ కూసున్నది గప్పుడే. నా కథలకు నేనే నవ్విన.

తర్వాత ఆ ఫైళ్లను యమున నాలుగు దినాలు ఊడ్చింది. రెండు ఆయె, మూడో దాని భయం గద. ఒక్కొక్క కథను పదిసార్లు విన్నది. కిటికీ మీద పావురం రెక్క కొట్టుకున్నది తీసింది. నేను గుటక మింగింది తీసింది. నాలుక అంగిట్ల అంటుకున్న సప్పుడు గూడ తీసింది. ఇగ గాజు తుడిసినట్టున్నది అని పంపింది.

శనివారం పొద్దున నేను మిరపకాయలు పడుతున్న. యమున వచ్చి మెట్ల కాడ నిలవడ్డది. మొఖంల నెత్తురు లేదు. గిర్ని ఆపిన.

“వాపస్ వచ్చింది అత్తమ్మా” అన్నది.

“ఏమొచ్చిందట రోగం?” అన్న.

“ఎనుక ఇంకో మనిషి గొంతున్నదట. రెండువందల పన్నెండు జాగలల్ల. సాయంత్రం ఐదు లోపల తీసి పంపితె లెక్కల రాయరట. లేకుంటే మూడోది రాస్తరు.”

నాకేం అర్థం కాలే. రూముల ఉన్నది మేమిద్దరమే, మూడో పురుగు లేదు. “ఎవల గొంతే?” అన్న. “నాదే” అన్నది. మీదికి తీసుకపోయి, గట్టిగ పెట్టి వినిపిచ్చింది. నేను ఒకూర్ల ఒక కుమ్మరాయన ఉండె అంటున్న. ఎనుకకెల్లి సన్నగ, “ఊ.” ఆయన కుండలు ఏ సంతకు పోయినా పలుగుతుండె అంటున్న. “ఊ.” గట్ల పది కథలల్ల, మాట మాటకు.

“గిదేం తప్పే?” అన్న. తప్పెట్ల అయితది మీరే చెప్పుండ్రి. కథ చెప్పుడంటే ఇద్దరి పని. ఒకలు చెప్పాలె, ఒకలు ఊ కొట్టాలె. ఊ వస్తేనే ముంగటి మాట వస్తది. ఊ ఆగిందంటే అవతలోళ్లు పండుకున్నట్టు, చెప్పేటోళ్లు గూడ లేసి పోవచ్చు. నా తల్లి నాకు గట్లనే చెప్పింది, నేను నా కొడుకుకు గట్లనే చెప్పిన. యమున నా ముంగట కూసోని నోరు మూసుకుంటే నేను ఒక్క కథ గూడ చెప్పకపోదును.

“ఊ అన్నందుకు గాదు అత్తమ్మా నా బాధ” అన్నది. “పదిసార్లు విన్న. పావురం రెక్క వినపడ్డది. మీ గుటక వినపడ్డది. నా గొంతు రెండువందల సార్లు వస్తె నాకు ఒక్కసారి గూడ వినపడలే. నా చెవి పోయింది.”

గంతే, కుర్చీల కూలవడ్డది. ఏడుస్తలేదు. గది ఇంక భయమైంది నాకు.

మీకొక మాట చెప్పాలె, ఇంట్ల ఎవ్వలకు తెల్వదు. నా చెవులు సగం పోయినయి. రెండేండ్ల కింద దవాఖానల చూపిచ్చుకుంటే గిర్ని సప్పుడుకే అన్నరు. సన్నటి సప్పుళ్లు నాకు అందవు. నేను అరిచి మాట్లాడుతుంటె అందరు నా గుణమే గంత అనుకుంటరు, నేను గూడ అనుకోనిచ్చిన. ఇగ ఆ పిల్ల ఆరేండ్ల సంది గదే గిర్ని మీద లేస్తున్నది, పండుకుంటున్నది. దాని బతుకంత చెవులనే ఉన్నది. వాళ్ల బాపు ఇచ్చిన ఆస్తి గూడ గదే. నా గిర్ని దాన్ని తిన్నదా? ఇగ గిర్ని అమ్ముడే అనుకున్న, ఆడనే, ఆ గడియలనే.

ముందుగాల యమున ఆ ‘ఊ’లు తీసేద్దామని చూసింది. రాలే. నా మాట తోక మీదనే ఊ పడుతది. ఊ కోస్తె తోక తెగుతది. తెగ్గోసిన జాగల నేను ఎక్కిళ్లు పెట్టుకుంట కథ చెప్తున్నట్టున్నది. “సరే, మల్ల చెప్తనే, పెట్టు మైకు” అన్న. యమున చున్నీ కొన నోట్ల కుక్కుకోని, తలకాయ మాత్రం ఊపుకుంట కూసున్నది. ఏం చెప్తం? రేషన్ షాపుల పేర్లు పిలిచినట్టు వచ్చింది నాకు. రెండు మాటలకొకసారి, “వింటున్నవా?” అని అడుగుతున్న. గది గూడ రికార్డుల పడుతున్నది. అర్ధగంటకు నాకే రోత పుట్టింది. మైకును దూరం నూకిన.

మూడింటికి సింధూర ఫోన్ చేసింది. యమున స్పీకర్ పెట్టి బల్ల మీద పెట్టింది.

“ఎంతవరకు వచ్చింది యమునా?”

“రాలే మేడం” అన్నది నా కోడలు. “నా చెవి మంచిగ లేనట్టున్నది. నాకు ఇగ ఫైళ్లు పంపకుండ్రి. మీరు మూడోది రాసేదాంక ఎందుకు, నేనే మానుకుంట.”

ఆ మాట వినంగనే నాకు సర్రుమన్నది. ఫోన్ గుంజుకున్న.

“బిడ్డా సింధూరా, నేను అనంతమ్మను. ఆ కథలు చెప్పినామెను.”

“నమస్తే ఆంటీ. మీరు చాలా బాగా చెప్పారండీ.”

“బాగ చెప్పిన గద, మరి ఎందుకు వాపస్ పంపినవ్? నువ్వు విన్నవా?”

“విన్నానండీ. నేను కూడా ముందు గమనించలేదు. రెండో గొంతు ఉంటే మా సాఫ్ట్‌వేర్ ఎర్ర గీత పెడుతుంది. అదే పట్టుకుంది. కానీ ఆంటీ, ప్రతిదీ పట్టుకోవడం యమున పని. కథ చెప్పేది ఒక్కరే అయినప్పుడు రెండో గొంతు ఎందుకుంటుంది చెప్పండి?”

“ఒక్కరే చెప్తరా? మీ మిషన్ చెప్పిందా నీకు? కథ ఎట్ల చెప్తరో నీకేమెరుక! ఇగో, ఇప్పుడు చెప్తున్న విను, యాడ ఒక్కరున్నరో యాడ ఇద్దరున్నరో నువ్వే చూడు” అని మొదలుపెట్టిన. ఎత్తు లేదు, గిత్తు లేదు, కోపానికే మొదలుపెట్టిన. ఆ పదిట్ల లేని కథ.

“ఒకూర్ల ఒక ముసల్ది ఉండె. దానికొక బర్రె ఉండె.”

నా కోడలు తలకాయ పైకి లేపింది.

“ఆ బర్రె ఊకెనే పాలియ్యదు. పాలు పిండాల్నంటే, ముసల్ది దాని చెవుల మొగుని మీద చాడీలు చెప్పాలె.”

యమున కండ్లు పెద్దగ చేసి ఫోన్ దిక్కు చూస్తున్నది. ఒక ఏలు పైకి లేపింది. ఏందే అన్నట్టు కనుబొమ్మలు ఎగరేసిన. చెప్పుండ్రి, చెప్పుండ్రి అని చెయ్యితోని సైగ చేసింది.

“నా మొగడు నిన్న చేపలు తెచ్చి, తలకాయలు నాకేసి ముక్కలు తనేసుకున్నడే అంటె, చెంబెడు పాలిచ్చేది.”

ఇంకో ఏలు లేచింది.

“నా మొగడు నన్ను తల్లిగారింటికి తోలలేదే అంటె, బిందెడు పాలిచ్చేది.”

మూడో ఏలు. గప్పుడు సమజైంది నాకు. నా గొంతుల కోపం యాడికి పోయిందో పోయింది. నిమ్మళంగ, ఒక్కొక్క మాట ఆపుకుంట, ఆ పిల్ల ఏళ్ల దిక్కే చూసుకుంట చెప్పిన. చాడీల సంగతి ఒకనాడు మొగనికి తెలిసిందని చెప్పిన. నాలుగో ఏలు. ఇగ ఆ దినం నుంచి వాడు మంచోడైపోయిండని, ముసల్దానికి చెప్పనీకి ఒక్క చాడీ గూడ దొరకలేదని, బర్రె పాలు ఎగ్గొట్టిందని చెప్పిన. ఐదో ఏలు లేచింది. యమున చెంపల మీద నీళ్లు కారుతున్నయి, తుడుసుకుంటలేదు.

ఆడ ఆపిన.

“తర్వాతేమయిందండీ?” అన్నది సింధూర.

“గది తర్వాత చెప్త. బిడ్డా, గిప్పటిదాంక నువ్వు ఐదుసార్లు ఊ కొట్టినవ్.”

“నేనా? నేనెక్కడ కొట్టానండీ? అసలు నోరే తెరవలేదు నేను!”

“తెరవలేదు మేడం” అన్నది యమున. “నోరు మూసుకోనే అన్నరు. మొదటిది బర్రె అన్న కాడ. ఆఖరిది పాలు ఎగ్గొట్టిన కాడ, గది జర పెద్దగ అన్నరు.”

సింధూర పకపక నవ్వింది, ఆపుకోలేక నవ్వింది.

“దేవుడా! ఇప్పుడు నా మీద కూడా ఎర్ర గీత పెట్టాలి” అన్నది. నవ్వు ఆగినంక మెల్లగ, “యమునా, ఆ ఫైల్ అలాగే ఉంచు. నేను మా వాళ్ళతో మాట్లాడతాను. వాపసు పంపిన లెక్క కొట్టేస్తున్నా. ఇది నీ తప్పు కాదు, చెవి తప్పు అసలే కాదు. సోమవారం కొత్తవి పంపిస్తా, మానేస్తానని మళ్ళీ అనకు. ఆంటీ, ఆ గేదె సంగతి మాత్రం నాకు చెప్పాల్సిందే” అన్నది.

చెప్తలే అన్న. ఫోన్ పెట్టేసింది.

యమున వచ్చి నా కాళ్ల కాడ కూసున్నది. నవ్వుతున్నది, ఏడుస్తున్నది, రెండూ ఒక్కసారే. నా పానం తేటవడ్డది. దాని నెత్తి మీద చెయ్యి పెట్టిన.

“అత్తమ్మా” అన్నది కొంచెం సేపైనంక. “ఆమె ఐదుసార్లు అన్నది గద. ఫోన్ మీ చేతులనే ఉండె. మీరు నా ఏళ్ల దిక్కే చూసిన్రు, ఎందుకు? మీకు ఒక్కటి గూడ వినపడలేదా?”

ఏదన్న అబద్ధం చెప్దామని నోరు తెరిచిన. రాలే.

“లేదు బిడ్డా” అన్న. “పోయింది నాది. నీది మంచిగున్నది.”